ట్యాబ్లెట్లు ఇస్తారు, అద్దె ఇవ్వరు

సంపాదకులకు నమస్కారం.

నగరంలో సంపన్న కుటుంబాలు నడిపే ఫౌండేషన్ల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. చెక్కు అందుకునే ఫొటో దాకా బాగానే రాశారు. ఆ చెక్కు కోసం గుమ్మం ముందు నిలబడేవాళ్ల తరఫున నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

నేను ముప్పై మూడేళ్లు బ్యాంకులో పనిచేశాను. అందులో పదకొండేళ్లు అప్పుల విభాగంలోనే. ఇప్పుడు వారాసిగూడలో ఒక చిన్న సొసైటీకి కోశాధికారిని. పిండిమర మీద మాకు రెండు గదులున్నాయి. ఇళ్లలో పనిచేసే తల్లుల పిల్లలు, ఆటో నడిపేవారి పిల్లలు అరవై మంది సాయంత్రం ఐదింటికి వచ్చి ఎనిమిది దాకా చదువుకుంటారు. మర తిరుగుతున్నంతసేపూ ఎక్కాలు అరిచి చెప్పాల్సిందే కాబట్టి మా పిల్లలందరికీ గొంతు పెద్దది. గదుల అద్దె నెలకు 11,000 రూపాయలు, ఇద్దరు టీచర్లకు చెరో 9,000.

నిరుడు ఒక కుటుంబ ఫౌండేషన్‌కు దరఖాస్తు చేశాం. ముందు రెండు పేజీల్లో మా పని గురించి రాయమన్నారు. అది నచ్చాక పెద్ద ఫారం వచ్చింది: మూడేళ్ల ఆడిట్ నివేదికలు, ఆదాయపు పన్ను మినహాయింపుకు సంబంధించిన 12ఏ, 80జీ పత్రాలు, కార్యవర్గం జాబితా, ఖర్చుల అంచనా. తర్వాత వాళ్ల ఆఫీసు నుంచి ఒక అమ్మాయి చూడటానికి వచ్చింది. ఆమె గురించి మంచే చెప్పాలి. చెప్పులు విప్పి, పిల్లల పక్కన చాప మీద రెండు గంటలు కూర్చుంది. ఆ పైన ట్రస్టీల సమావేశం, అది ఏడాదికి రెండుసార్లే. ఇందులో దేనికీ నేను నొచ్చుకోలేదు. డబ్బిచ్చేవారు కాగితాలు అడగాలి. నేనూ ఒకప్పుడు అడిగినదాన్నే.

మేం కోరింది అద్దె, జీతాలు కలిపి ఏడాదికి 3,48,000 రూపాయలు. మంజూరైంది 3,00,000, అదీ ట్యాబ్లెట్లు కొనడానికి మాత్రమే. అద్దెకూ జీతాలకూ ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవని ఫోనులో చెప్పారు.

ఏ నిబంధన అని అడిగాను, పాత అలవాటు. ఇరవై శాతం పరిమితి ఉందన్నారు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ పాలనా ఖర్చును 50 నుంచి 20 శాతానికి తగ్గించిన మాట నిజమే. కానీ అది విదేశాల నుంచి వచ్చే సొమ్ముకు. ఆ నియమాల్లో కూడా బడి టీచరు జీతాన్ని పాలనా ఖర్చుగా లెక్కకట్టరు. ఈ కుటుంబం డబ్బు ఇక్కడే సంపాదించింది. అది చెబితే ఐదు శాతం అన్నారు. అది సీఎస్‌ఆర్ నియమం, అంటే కంపెనీలు చట్టం ప్రకారం సమాజసేవకు పెట్టే ఖర్చుకు సంబంధించింది. కంపెనీ తన సీఎస్‌ఆర్ వ్యవహారం నడుపుకోవడానికి ఆఫీసులో పెట్టుకునే ఖర్చు మీద ఉన్న పరిమితి. మా లెక్కల టీచరు జీతం వాళ్ల ఆఫీసు ఖర్చెలా అవుతుంది? పైగా ఒక కుటుంబం సొంత సొమ్ముతో ఇచ్చేది సీఎస్‌ఆరే కాదు. సీఎస్‌ఆర్ గురించి చెప్పే 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ దాని జోలికే రాదు. చివరికి తేలిందేమిటంటే, అది ట్రస్టీలు తమకు తాము పెట్టుకున్న నియమం. వాళ్ల డబ్బు, పెట్టుకోవచ్చు. ఆ మాట చెప్పడం మానేసి చట్టం మీదికి నెట్టడమే నాకు మింగుడుపడలేదు.

ట్యాబ్లెట్లు ఇరవై వచ్చాయి. పిల్లలు మురిసిపోయారు, అబద్ధమెందుకు? మార్చి నాటికి అద్దె రెండు నెలలు బాకీ పడింది. ఇంటి యజమాని, అంటే మర యజమానే, నెమ్మదస్తుడు. బీరువా వైపు చూసి, "అమ్మా, వాటిలో రెండు అమ్మినా సరిపోతుంది కదా" అన్నాడు. సరిపోతుంది. కానీ ఇరవయ్యీ వరుసగా పెట్టి ఫొటో తీసి, డబ్బు చెప్పిన పనికే వాడామనే వినియోగ ధ్రువపత్రంతో జతచేసి పంపాలి. ఆ నెల అద్దె నా పెన్షన్‌లోంచి కట్టాను.

హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1901లో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లోనే మొదలైంది. దాత ముందు చూపించింది పుస్తకాలు పెట్టుకునే చోటు.

ఈ ఏడాది మరో ఫౌండేషన్‌కు రాశాం. ఏడు నెలలైంది, అవునని గానీ కాదని గానీ జవాబు లేదు. బ్యాంకు అప్పు నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా తెలియజేయాలని రిజర్వు బ్యాంకు నియమం. అలాంటి ఉత్తరాలు నేనూ రాశాను. ఒక్కోదానికి పది నిమిషాలు పట్టేది. అమెరికాలో ఇలాంటి ఫౌండేషన్లు ఎవరికెంత ఇచ్చిందీ ఏటా 990-పీఎఫ్ అనే ఫారంలో చూపాలి, అది ఎవరైనా చూడవచ్చు. ఇక్కడ ట్రస్టు తన ఆదాయంలో 85 శాతం ధర్మకార్యాలకు ఖర్చు చేయాలనే నియమం ఉంది గానీ, ఆ లెక్కలు చూపే రిటర్ను ఆదాయపు పన్ను శాఖకే తెలుస్తుంది. ఎవరికి ఇస్తారో తెలిస్తే, మాకు ఇవ్వరని ముందే తెలిసేది. కొన్ని సాయంత్రాలు ఆ ఫారాలతో కాకుండా పిల్లలతో గడిపేదాన్ని.

నా పేరు వేయవద్దని మనవి. సెప్టెంబరులో మళ్లీ ఆ మొదటి ఫౌండేషన్‌కే దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇట్లు,
విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని,
వారాసిగూడ, హైదరాబాద్