మన క్రీడా విలేకరుల సంఘం 2025 వార్షిక నివేదిక: కార్యదర్శి మాట

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదివి తీరాలని నిబంధన ఉంది కాబట్టి రాస్తున్నాను. పైగా రాయకపోతే ఏడాది పొడవునా ఈ పని ఎవరు మోశారో ఎవరికీ గుర్తుండదు. మన ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ ఏకరువు పెట్టను.

విశాఖకు ఇది ఆటల ఏడాది. మార్చిలో మధురవాడ స్టేడియంలో ఢిల్లీ క్యాపిటల్స్ ఐపీఎల్ మ్యాచ్‌లు ఆడింది, ఆగస్టు 29న ప్రో కబడ్డీ సీజన్ ఇక్కడే మొదలైంది, అక్టోబరులో మహిళల ప్రపంచకప్ వచ్చింది. 12వ తేదీన మనమ్మాయిలు 330 కొట్టి కూడా ఆస్ట్రేలియాకు మ్యాచ్ వదిలేసుకున్నారు, వాళ్ల కెప్టెన్ హీలీ 142 బాదింది, ఆ బాధ ఇంకా పోలేదనుకోండి. ఇన్ని జరిగినా మన ఫ్రీలాన్స్ సభ్యులకు ప్రెస్ పాసు దొరికింది ఒకరిద్దరికే. దరఖాస్తులు పెట్టాం, ఫోన్లు చేశాం, స్వయంగా వెళ్లి బెంచీల మీద కూర్చున్నాం. "సార్ మీటింగ్‌లో ఉన్నారు" తప్ప ఇంకో మాట వినలేదు. ఏ ఆఫీసో రాయను, తిరిగినవాళ్లకు తెలుసు.

ఆ సార్‌ని ఒక్కరినీ అని లాభం లేదు. ఆట నడిపేదీ, కెమెరా పట్టేదీ, మైకులో పొగిడేదీ ఒకే ఇల్లయితే బయటి విలేకరితో వాళ్లకు పనేముంది? ప్రో కబడ్డీని నడిపే మశాల్ స్పోర్ట్స్, రిలయన్స్-డిస్నీల ఉమ్మడి టీవీ, స్ట్రీమింగ్ సంస్థ జియోస్టార్ చేతిలో ఉంది, ప్రసారం చేసేదీ జియోస్టారే. ఐపీఎల్ టీవీలో చూసినా ఫోన్‌లో చూసినా వాళ్ల దగ్గరే చూడాలి, అందులో పెద్ద వాటా ఉన్న రిలయన్స్‌దే ముంబై ఇండియన్స్ జట్టు. ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో వాళ్ల ఫుట్‌బాల్ లీగు ఎన్ఎఫ్ఎల్ 2003 నుంచి సొంత ఛానల్ నడుపుకుంటూ వచ్చి, ఇప్పుడు దాన్ని క్రీడా ఛానళ్ల సంస్థ ఈఎస్‌పీఎన్‌కు ఇచ్చి బదులుగా ఈఎస్‌పీఎన్‌లోనే 10 శాతం వాటా తీసుకునే ఒప్పందాన్ని ఆగస్టులో ప్రకటించింది. రేపు ఈఎస్‌పీఎన్ విలేకరి ఎన్ఎఫ్ఎల్ మీద కఠినంగా ఒక వార్త రాస్తే, రాసింది తన వాటాదారు మీదే అవుతుంది. అదే దేశంలో న్యూయార్క్ టైమ్స్ 2023లో తన స్పోర్ట్స్ డెస్కునే మూసేసి, కొనుక్కున్న క్రీడావార్తల వెబ్‌సైట్ ది అథ్లెటిక్‌కు ఆ పని అప్పగించింది.

2012 మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఇంగ్లండ్ జట్టు మన దేశానికి వచ్చినప్పుడు బీసీసీఐ గెట్టీ అనే ఫొటో ఏజెన్సీ ఫొటోగ్రాఫర్లను రానివ్వలేదు. దాంతో ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్), ఏఎఫ్‌పీ, రాయిటర్స్ వార్తాసంస్థలు మూడూ ఆ సిరీస్ కవరేజీ ఆపేశాయి. అప్పట్లో అలా ఒక్క మాట మీద నిలబడ్డారు. మనం మాత్రం నెలకోసారి ఒక గదిలో కూడా కూడలేకపోతున్నాం.

ఇక ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సింది పౌర గ్రంథాలయంలో కాలేజీ విద్యార్థులకు పెట్టిన ఒకరోజు శిక్షణ. ముందురోజు సాయంత్రం వాళ్లను ఊళ్లో జరుగుతున్న ఒక కబడ్డీ టోర్నీకి తీసుకెళ్లాం. మ్యాచ్ మధ్యలో ఫ్లడ్‌లైట్లు ఆరిపోయాయి, మోకాలు తిరిగిన కుర్రాడిని ఆటోలో ఆసుపత్రికి పంపారు, ఎందుకంటే అంబులెన్స్ లేదు. మర్నాడు పిల్లలందరి చేతా అదే మ్యాచ్ మీద రెండేసి వార్తలు రాయించాం. ఒకటి నిర్వాహకుల దగ్గర జీతానికి పనిచేస్తున్నట్టు, ఇంకోటి పత్రిక విలేకరిలా. మొదటి వార్తల్లో ఆఖరి రైడ్ ఉత్కంఠ, ముఖ్య అతిథి ప్రసంగం, ఈలలు అన్నీ ఉన్నాయి, ఆటో మాత్రం ఒక్క కాగితంలోనూ లేదు. ఒక అమ్మాయి లేచి, "సార్, అబద్ధం ఒక్కటీ రాయలేదు కదా" అంది. అక్కడ మొదలైన చర్చ భోజనాల వేళ దాటినా ఆగలేదు. లీగుల క్లిప్పులు, గణాంకాలు మనకంటే బాగుంటాయి, నేనూ రోజూ చూస్తాను, అది ఒప్పుకోవాలి. కానీ 2013 ఐపీఎల్ స్పాట్ ఫిక్సింగ్ బయటపడింది వాళ్ల కెమెరాల వల్ల కాదు, ఢిల్లీ పోలీసుల వల్ల.

హాలు ఇప్పించిన పెద్దలకు, పాఠాలు చెప్పిన సీనియర్ విలేకరులకు, జిరాక్సులు డబ్బు తీసుకోకుండా చేసిచ్చిన ద్వారకానగర్ షాపు తమ్ముడికి, పులిహోర పంపిన మా ఉపాధ్యక్షులవారి శ్రీమతి గారికి కృతజ్ఞతలు. ఆ రోజు పొద్దున్నే వచ్చి కుర్చీలు వేసిన ముగ్గురు సభ్యులకు ప్రత్యేకంగా. మిగతా వాలంటీర్లు ముందురోజు రాత్రి దాకా గ్రూపులో బొటనవేళ్లు చూపించారు, పొద్దున ఫోన్లు ఎత్తలేదు. ఫొటో దిగే టైముకి మాత్రం నలుగురైదుగురు కనిపించారు.

లెక్కలు కోశాధికారి గారు ఆడిట్ చేయించి ఆఖరి పేజీలో జతచేశారు, చూసుకోండి. మిగులు ఉంది, కొద్దిగా. చందా బకాయిలు మిగులుకంటే ఎక్కువున్నాయి, ఎవరివో వాళ్లకు తెలుసు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం రెండు ప్రతిపాదనలు పెడుతోంది. పాసుల కోసం విడివిడిగా కాకుండా సంఘం తరఫున ఒకే దరఖాస్తు వేయడం, పాసు రాకపోయినా స్టేడియం బయటి కథలు రాసే కుర్రాళ్లకు బస్సు ఛార్జీలు, చిన్న పారితోషికం ఇవ్వడం. రెండోదానికి డబ్బు కావాలి, పైన బకాయిల సంగతి రాసింది అందుకే. కార్యదర్శి పదవికి ఈసారి ఎవరైనా ముందుకొస్తే సంతోషంగా తాళాలు అప్పగిస్తాను. పేరు ఇచ్చేవాళ్లు ఎన్నిక రోజు కూడా రావాలి.