ఇంటి పన్ను రసీదులో మా బడికీ ఒక గడి ఇవ్వండి

గౌరవనీయ ముఖ్యమంత్రి, విద్యాశాఖ కూడా చూస్తున్న శ్రీ రేవంత్ రెడ్డి గారికి,

నమస్కారం. నేను నల్గొండ జిల్లాలో 31 ఏళ్లు పంతులుగా పనిచేసి, ప్రధానోపాధ్యాయుడిగా రిటైరయ్యాను. జనవరి 26న మా ఊరి గ్రామసభలో కూర్చుని వచ్చాక, ఇంటి పన్నులో ఊరి బడికీ వాటా ఇమ్మని అడుగుతూ మీకు ఈ ఉత్తరం రాయాలనిపించింది.

కొత్త సర్పంచ్ వచ్చాక జరిగిన తొలి గ్రామసభ అది. ప్రాథమిక పాఠశాల బాత్రూముకు తలుపు లేదని ఒక తల్లి లేచి చెప్పింది. పంచాయతీ డబ్బుతో పెట్టిద్దామని సర్పంచ్ అన్నాడు. బడి విద్యాశాఖది, దానికి ఖర్చు పెడితే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుందేమోనని కార్యదర్శి వెనకాడాడు. ఇంతలో ఒక పెద్దాయన, "మా మనవలు ప్రైవేటు బస్సెక్కి పోతున్నారు. మా పన్ను ఆ బడికెందుకు?" అన్నాడు. సభ రెండుగా చీలింది. గంటసేపు వాదించుకున్నారు. తలుపు సంగతి తేలకుండానే లేచిపోయారు.

మా బడి బోర్డు మీద 'మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల' అని రాసి ఉంటుంది. హైస్కూలు బోర్డు మీద జిల్లా పరిషత్ పేరుంటుంది. రాజ్యాంగం 11వ షెడ్యూలులో స్థానిక సంస్థలకు అప్పగించదగ్గ 29 అంశాల్లో ప్రాథమిక, మాధ్యమిక విద్య 17వది. పేరు స్థానిక సంస్థది, డబ్బు మాత్రం హైదరాబాదు నుంచో ఢిల్లీ నుంచో రావాలి. ఒక్క తలుపు కోసం ఇంత దూరం చూడాల్సి వస్తోంది సార్.

28 మంది పిల్లలున్న బడికి కేంద్ర, రాష్ట్రాలు కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం కింద వచ్చే స్కూల్ గ్రాంటు ఏడాదికి 10 వేలు. 220 పనిదినాలు అనుకుంటే రోజుకు 45 రూపాయలు. చాక్‌పీసులు, రిజిస్టర్లు, చెడిపోయిన ఫ్యాను, పగిలిన కుళాయి, జెండా పండుగకు బిస్కెట్లు, అన్నీ అందులోంచే. నేను పనిచేసిన చోట్ల అది కూడా విద్యాసంవత్సరం సగం దాటాక, విడతలుగా పడేది. అప్పటిదాకా మా జీతంలోంచి పెట్టుకునేవాళ్లం. నాతో పనిచేసిన టీచర్లలో అలా పెట్టుకోనివాళ్లు ఒక్కరూ నాకు గుర్తు లేరు.

2024లో మీ ప్రభుత్వం బడుల పారిశుధ్యానికి నెలనెలా డబ్బివ్వడం మొదలుపెట్టింది. కరెంటు ఉచితం చేసింది. ఈ రెండూ మంచి పనులు, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. కానీ 30 మంది లోపు పిల్లలున్న బడికి ఇచ్చేది నెలకు 3 వేలు. రోజుకు వంద రూపాయలకు బాత్రూములు కడిగే మనిషి దొరకడం ఎంత కష్టమో ఏ హెడ్మాస్టరునైనా అడగండి.

అందుకే నా విన్నపం ఇది. పంచాయతీలో వసూలయ్యే ఇంటి పన్నులో పదోవంతు ఆ ఊరి బడికే చెందేలా చట్టం చేయండి. పన్ను పెంచమని అడగడం లేదు, ఉన్నదాంట్లోనే వాటా అడుగుతున్నాను. 2018 పంచాయతీరాజ్ చట్టం కింద పంచాయతీ బడ్జెట్‌లో పది శాతం హరిత బడ్జెట్‌గా పక్కన పెట్టిస్తున్నాం. మొక్కలకు చేసినట్టే పిల్లలకూ చేయవచ్చు. ఏడాదికి 4 లక్షల ఇంటి పన్ను వచ్చే ఊరైతే బడికి 40 వేలు చేరుతుంది. ఇప్పుడొచ్చే స్కూల్ గ్రాంటుకు అది నాలుగింతలు.

అయితే గ్రంథాలయ పన్నుకు పట్టిన గతి దీనికి పట్టకూడదు. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయాల పేరుతో వసూలు చేస్తున్నాం. కట్టేవాళ్లు కడుతూనే ఉన్నారు. వసూలు చేసిన సంస్థలు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయక బకాయిలు పేరుకుపోవడం మనకు కొత్త కాదు. ఢిల్లీ వసూలు చేసే సెస్సు సంగతి కూడా మీకు తెలుసు. ఆదాయపు పన్ను మీద అదనంగా వేసే విద్యా సెస్సు 2004లో 2 శాతంతో మొదలై 2018 నుంచి ఆరోగ్యంతో కలిపి 4 శాతమైంది. సెస్సు కాబట్టి కేంద్రం రాష్ట్రాలతో పంచుకునే పన్నుల్లోకి అది రాదు. అందుకని బడి వాటా మధ్యలో ఎక్కడా ఆగకూడదు. పన్ను కట్టిన రోజే పిల్లల తల్లులుండే బడి కమిటీ, అంటే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ఖాతాలో పడాలి. రసీదులో 'బడి' అని ఒక గడి ఉండాలి. ఎంత వచ్చిందో, దేనికి ఖర్చయిందో గ్రామసభలో చదివి వినిపించాలి.

మా అమ్మాయి టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటుంది. అక్కడ మనవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల ఇంటి పన్ను బిల్లులో అక్కడి ప్రభుత్వ బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌కు ఎంతో, సిటీకి ఎంతో విడివిడిగా ఉంటుంది. 2024 నవంబరులో స్కూళ్ల కోసం పన్ను రేటు పెంచాలా అని ఓటు పెడితే జనం కాదన్నారు. డిసెంబరులో అక్కడి స్కూల్ బోర్డు స్టేలీ మిడిల్ స్కూల్‌ను మూసేయాలని తీర్మానించింది. ఆ ఊరివాళ్లు మంచి చేశారో చెడు చేశారో తేల్చడం నా పని కాదు. తమ డబ్బు ఏ బడికి పోతోందో తెలిసి వాదించుకున్నారు, నాకు నచ్చింది అదే.

వాళ్ల పద్ధతిలో ఉన్న చెడు కూడా నాకు తెలుసు. ఖరీదైన ఇళ్లున్న చోట బడికి డబ్బు ఎక్కువ, పేదలున్న చోట తక్కువ. దాన్ని సరిదిద్దడానికే టెక్సస్‌లో 1993 నుంచి ఆస్తి ఎక్కువున్న డిస్ట్రిక్టుల డబ్బులో కొంత మిగతావాటికి మళ్లిస్తున్నారు. మనకూ ఆ చిక్కు వస్తుంది. హైదరాబాదు చుట్టుపక్కల పంచాయతీకీ, అచ్చంపేట అడవిలోని చెంచుల గూడేనికీ ఇంటి పన్నులో పోలికే లేదు. కాబట్టి ఊరి వాటాకు రాష్ట్రం తన వాటా కలపాలి. ఉన్న ఊరికి రూపాయికి రూపాయి ఇస్తే, లేని ఊరికి రూపాయికి ఐదో పదో ఇవ్వాలి. ఊరి డబ్బు వస్తోంది కదా అని రాష్ట్రం తన గ్రాంటు తగ్గించుకుంటే మాత్రం ఈ పథకమే వద్దు. 2025-26 బడ్జెట్‌లో మొత్తం 3,04,965 కోట్లలో విద్యకు కేటాయించింది 23,108 కోట్లు, అంటే ఏడున్నర శాతం. 15 శాతానికి తీసుకెళ్తామని మీ పార్టీ మేనిఫెస్టోలో మాటిచ్చారు. మా పదోవంతు ఆ మాటకు తోడుగా రావాలి గానీ దాని బదులు కాదు.

గ్రామసభలో లేచిన పెద్దాయన మీద నాకు కోపం లేదు. నా దగ్గర చదువుకున్నవాడే. మనవల ఫీజులకూ బస్సుకూ ఏటా అప్పు చేస్తున్నాడు. సభ అయిపోయాక టీ కొట్టు దగ్గర నాతో, "బడి బాగుంటే మావోళ్లను అంత దూరం పంపుతానా సారూ?" అన్నాడు. బడుల మీద కేంద్రం ఏటా తీసే యూడైస్ లెక్కల్లో, 2024-25లో ఒక్క పిల్లవాడూ లేని బడులు మన రాష్ట్రంలో 2,245 తేలాయి. మా ఊరి బడి ఆ లెక్కలో చేరకూడదని నా ఆరాటం.

ముందు జిల్లాకో మండలంలో మొదలుపెట్టి చూడండి. మా మండలాన్ని ఎంచుకుంటే మా ఊరి లెక్కలు రాసే పని జీతం లేకుండా నేను చేస్తాను. ఈ ఏడాది నా ఇంటి పన్ను ఇంకా కట్టలేదు. మార్చి 31లోపు కడతాను. వచ్చే ఏడాది రసీదులో ఆ గడి ఉంటే మొదటి రోజే వెళ్లి కడతాను.

ఇట్లు
మీ విధేయుడు
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు
నల్గొండ జిల్లా