స్కర్ట్ రబ్బర్ క్లాంపుల గురించి ఫ్యాక్టరీల శాఖ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

తెలంగాణ ఫ్యాక్టరీల శాఖ డైరెక్టర్ గారికి,

అయ్యా, నమస్కారం.

నేను పెద్దపల్లి జిల్లాలో బొగ్గు మోసే కన్వేయర్ బెల్టుల మీద పనిచేసే మెకానికల్ ఫిట్టర్ని. పెద్దవాళ్ల సమీక్షల్లో ఎప్పుడూ ప్రస్తావనకు రాని ఒక చిన్న సామాను గురించి మీకు రాస్తున్నాను. బెల్టుకు రెండు పక్కలా ఉండే స్కర్ట్ రబ్బర్‌ను పట్టి ఉంచే క్లాంపు అది.

లేఖ చదివే మిగతావాళ్ల కోసం ముందు రెండు ముక్కలు చెబుతాను. చ్యూట్‌లోంచి, అంటే ఏటవాలు ఇనుప దోనెలోంచి, బొగ్గు బెల్టు మీద పడేచోట అది పక్కలకు చిందకుండా ఇనుప పలకలు నిలబెడతారు. వాటిని స్కర్ట్ బోర్డులంటాం. ఇనుము తగిలితే బెల్టు కోసుకుపోతుంది కాబట్టి పలక కింద కొంత ఖాళీ వదిలి, దాన్ని రబ్బరు పట్టీతో మూస్తారు. ఆ పట్టీ బెల్టును ఆనీ ఆననట్టు ఉండాలి. గట్టిగా నొక్కితే బెల్టు మీద గాడి పడుతుంది, వదులైతే బొగ్గు కారుతుంది. బెల్టు తిరిగినంతసేపూ రబ్బరు అరుగుతుంది కాబట్టి కొన్నాళ్లకోసారి దాన్ని కిందికి దించక తప్పదు.

నేను పనిచేసిన చోట్ల చాలావరకు ఈ పట్టీని ఇనుప బద్దీ, దాని వెంట వరసగా నట్లు బోల్టులు పెట్టి బిగించారు. కాగితం మీద ఇందులో తప్పేమీ కనబడదు. కానీ అక్కడుండేది బొగ్గు పొడి, దాన్ని అణచడానికి చల్లే నీళ్లు. కొద్ది నెలల్లోనే మరలు తుప్పుతో బిగుసుకుపోతాయి. పానా పెడితే నట్టు అంచులు గుండ్రంగా అరిగిపోతాయే తప్ప కదలదు. ఇక గ్యాస్ కట్టరే దిక్కు. బొగ్గు పొడి పేరుకున్న చోట మంట పెట్టాలంటే హాట్ వర్క్ పర్మిట్ కావాలి, నీళ్ల గొట్టం పట్టుకుని పక్కన మనిషి నిలబడాలి, బెల్టు గంటల తరబడి ఆగాలి. అవతల బాయిలర్ బంకర్లలో బొగ్గు తగ్గిపోతుంటుంది. కరెంటు తయారుచేసే యూనిట్ ఆగకూడదు. కంట్రోల్ రూమ్ నుంచి వచ్చే జవాబు మాకు ముందే తెలుసు: ‘వచ్చే షట్‌డౌన్‌లో చూద్దాం.’

ఆ షట్‌డౌన్ వచ్చేదాకా బొగ్గు కారుతూనే ఉంటుంది. కారింది టెయిల్ పుల్లీ (బెల్టు వెనక చివర తిరిగే డ్రమ్ము) చుట్టూ, రోలర్ల కింద కుప్ప పడుతుంది. దాన్ని ఎత్తిపోసేది కాంట్రాక్ట్ కార్మికులు. బెల్టు తిరుగుతుండగానే పార పెట్టి లాగుతారు. లేదంటే అనుభవం ఉన్న ఫిట్టర్ ఒకడు, బెల్టు ఆపకుండానే, రబ్బరును ఎలాగోలా కిందికి తోసి కారడం ఆపాలని చూస్తాడు. అలా చేయమని ఎవరూ రాతపూర్వకంగా చెప్పరు. చేస్తే ఎవరూ వద్దనరు.

ఇక్కడ ఒక సంగతి మీ ఇన్‌స్పెక్టర్లు ప్రత్యేకంగా గమనించాలి. మామూలు చోట రోలర్‌కూ బెల్టుకూ మధ్య చెయ్యి పడితే బెల్టు కొంచెం పైకి లేచే అవకాశం ఉంటుంది. స్కర్ట్ బోర్డుల కింద ఆ అవకాశం లేదు. పైన బొగ్గు బరువు, పక్కన స్కర్ట్ పలకలు బెల్టును లేవనివ్వవు. పైగా అక్కడ బొగ్గు పడే దెబ్బను తట్టుకోవడానికి ఇంపాక్ట్ రోలర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. సెకనుకు 3 మీటర్ల వేగంతో పోయే బెల్టు అర సెకనులో మీటరున్నర లాగేస్తుంది. పక్కవాడు చూసి బెల్టును ఆపే తాడు, అంటే పుల్ కార్డ్, లాగినా, నిండు బెల్టు అక్కడికక్కడ ఆగదు. ఈ ప్రాంతంలో బెల్టుల దగ్గర చేతులు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల పేర్లు ఇక్కడ రాయను. ప్రమాదం తర్వాత వచ్చే నివేదికలో ‘కార్మికుడి అజాగ్రత్త’ అని ఉంటుంది. నట్టు తుప్పు పట్టిందని ఉండదు. నా బాధంతా ఇదే.

దీనికి మందు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. వెడ్జ్ క్లాంపులు ఎప్పటినుంచో ఉన్నాయి. స్కర్ట్ బోర్డుకు గాడి ఉన్న పిన్నులు వెల్డింగ్ చేసి, వాటి మీద బిగింపు పలక ఎక్కించి, గాడిలో ఏటవాలు ఇనుప ముక్కను (వెడ్జ్) సుత్తితో దిగగొడతారు. ఒకవైపు కొడితే బిగుస్తుంది, ఇంకోవైపు కొడితే వదులవుతుంది. మరలు లేవు కాబట్టి తుప్పుకు బిగుసుకుపోయే గొడవా తక్కువే. లివర్ వాల్చితే విడిపోయే రకాలూ ఉన్నాయి. రబ్బరుకు బోల్టు రంధ్రాలు కొట్టనక్కర లేదు. అవసరమైన పిన్నులు, పలకలు జిల్లాలోని ఏ మంచి ఫ్యాబ్రికేషన్ షాపులోనైనా తయారవుతాయి. గంటల పని నిమిషాల్లోకి వస్తే, బెల్టు ఆపడానికి కంట్రోల్ రూమ్ కూడా ఒప్పుకుంటుంది.

అయితే వీటిలోనూ జాగ్రత్తలున్నాయి. ఊడిపోయిన వెడ్జ్ బెల్టు మీద పడితే ముందున్న చ్యూట్‌లో ఇరుక్కుని బెల్టును నిలువునా చీల్చగలదు. అందుకే ప్రతి వెడ్జ్‌కూ చిన్న గొలుసు ఉండాలి. ఇంకోటి, సులువుగా విప్పగలం కాబట్టి తిరుగుతుండగానే విప్పేద్దాం అనిపించే ప్రమాదం ఉంది. కరెంటు ఐసొలేట్ చేసి, ఎవరి తాళం వాళ్లు వేసుకున్నాకే సుత్తి పట్టాలనే నియమం లేకుండా క్లాంపులు ఒక్కటే మార్చితే మేలు జరగదు.

యాజమాన్యాలకూ దీనివల్ల లాభమే. ఇప్పుడు ఖర్చు కలిసొస్తుందని చాలాచోట్ల పాత బెల్టు ముక్కలు కోసి స్కర్ట్‌గా పెడుతున్నారు. పాత బెల్టులో గుడ్డ పొరలుంటాయి, ఇరుక్కున్న బొగ్గు రవ్వ ఉంటుంది. అది తిరిగే బెల్టును ఆకురాయిలా అరగదీస్తుంది. బెల్టు పై పొర కన్నా మెత్తని రబ్బరు వాడాలన్నది ఈ పనిలో మొదటి పాఠం. రబ్బరు మీద మిగుల్చుకున్న డబ్బు బెల్టు మీద పోతోంది.

చట్టం మావైపే ఉందని నా నమ్మకం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 22, యంత్రం తిరుగుతుండగానే చేయక తప్పని పనులకు మాత్రమే, అదీ శిక్షణ పొంది రిజిస్టర్‌లో పేరున్న మనిషికే అనుమతి ఇచ్చింది. స్కర్ట్ రబ్బరు దించడం తిరుగుతుండగా చేయక తప్పని పని కాదు. ఆ చట్టం స్థానంలోకి 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వచ్చిన ఈ సమయంలో, కన్వేయర్ల గురించి ఒక స్పష్టమైన సూచన మీ శాఖ నుంచి రావాలని కోరుతున్నాను. గనుల బెల్టులు ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టరేట్ చూసుకుంటుంది. రామగుండం, పాల్వంచ, దామరచర్ల విద్యుత్ కేంద్రాలు, హుజూర్‌నగర్ వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు మీ పరిధిలోవే. కొత్త బెల్టుల టెండర్లలో, పాతవాటి ఓవర్‌హాలింగ్‌లో మరలు లేని క్లాంపులు, అవి గార్డు బయటి నుంచే అందేలా అమరిక, స్కర్ట్ కింది రోలర్లకు గార్డులు తప్పనిసరి చేయించండి.

సర్క్యులర్‌కు టైమ్ పట్టొచ్చు. ఈలోగా మీ ఇన్‌స్పెక్టర్లు తనిఖీకి వచ్చినప్పుడు ఆఫీసులో రిజిస్టర్లు చూసి తిరిగి వెళ్లకుండా టెయిల్ ఎండ్ దాకా రావాలని కోరుతున్నాను. బెల్టు ఆపించి, తాళం వేయించి, ఒక క్లాంపు విప్పి చూపించమని అడగాలి. చేతి సామానుతో విప్పలేక గ్యాస్ కట్టర్ తెప్పిస్తే, దాన్ని భద్రతా లోపంగా రాసి, సరిచేయడానికి గడువు పెట్టాలి.

ఇట్లు,
ఒక కన్వేయర్ ఫిట్టర్,
పెద్దపల్లి జిల్లా