క్లాసు గ్రూపు పెడుతున్నావటగా

ఏరా శ్రీనూ,

పదో తరగతి పిల్లలకి వాట్సాప్ గ్రూపు పెట్టబోతున్నానని రాశావు. పెట్టు, మంచిదే. కాకపోతే ఏం పంపాలా అని ఆలోచించే ముందు, పంపింది అందుకున్న పిల్లాడు చేత్తో ఏం చెయ్యాలో తేల్చుకో.

నోట్సు ఫొటోలు, యూట్యూబ్ లింకులు గుప్పిస్తే పిల్లలు చూస్తారు. చూస్తున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటుంది. తెల్లకాగితం ముందు కూర్చోబెడితే చెయ్యి ఆడదు. అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఇదే తేల్చారు. పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెడితే, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లదే పైచేయి. పబ్లిక్ పరీక్ష మనకి వారం కాదు, నెలల తర్వాత కదరా!

అందుకే రోజుకి ఒక్క ప్రశ్న చాలు, కానీ తప్పు ఎక్కడ జరిగిందో పట్టిచ్చే ప్రశ్న కావాలి. దర్పణాలే తీసుకో. పుటాకార దర్పణం నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 10 సెం.మీ., వస్తువు 15 సెం.మీ. దూరంలో ఉంది, ప్రతిబింబ దూరమెంత? ఆప్షన్లు: −30, +30, +6, −6. గుర్తుల నియమం ప్రకారం ఇక్కడ నాభ్యంతరానికీ, వస్తు దూరానికీ రెండింటికీ మైనస్ పెట్టాలి, అప్పుడు వచ్చే −30 సరైనది. +30 అన్నవాడు మైనస్ గుర్తులు అసలు పెట్టలేదు. +6 వస్తే నాభ్యంతరానికి పెట్టలేదు, −6 వస్తే వస్తు దూరానికి పెట్టలేదు. నాలుగు జవాబులు చూడగానే మర్నాడు ఎవరికి ఏం చెప్పాలో నీకు తెలిసిపోతుంది. నోటికొచ్చిన అంకెలు ఆప్షన్లుగా పెడితే ఈ లాభం ఉండదు.

దీన్ని వాట్సాప్ పోల్‌లో మాత్రం పెట్టకు. ఎవరు దేనికి ఓటేశారో గ్రూపంతటికీ కనిపిస్తుంది. క్లాసు ఫస్టు వచ్చే పిల్ల దేన్ని నొక్కిందో చూసి మిగతావాళ్లూ దాన్నే నొక్కుతారు. నీ దగ్గరికొచ్చేది నలభై మంది జవాబు కాదు, ఒక్కరిది. ప్రశ్న మాత్రం ఫోన్లో పంపు, లెక్క నోటుబుక్కులో చెయ్యమను. పొద్దున క్లాసు మొదలవగానే అందరినీ ఒకేసారి వేళ్లు ఎత్తమను: మొదటి ఆప్షన్‌కి ఒకటి, రెండోదానికి రెండు. వేళ్లు గుండెకి ఆనించి పెట్టిస్తే పక్కవాడికి కనబడవు. ఐదు నిమిషాల పని. జవాబు మాత్రం గ్రూపులో ఆ రాత్రే పెట్టకు. పెట్టావా, లెక్క చెయ్యడం మానేసి దానికోసమే కాచుకుంటారు.

ఫోను చాలా ఇళ్లలో నాన్న దగ్గర ఉంటుంది, ఆయన పనినుంచి వస్తేగాని పిల్లల చేతికి రాదు. అసలు ఫోనే లేని ఇళ్లూ ఉంటాయి. అందుకని చివరి బెల్లుకి ముందే ప్రశ్న బోర్డు మీద రాసెయ్యి, గ్రూపులో వచ్చేది దానికి నకలు. ఇది మరిచిపోతే ఫోను లేని పిల్లలే మొదట వెనకబడతారు, వాళ్లు అడగరు కూడా.

బోర్డు ఫొటో మామూలుగా పంపితే వాట్సాప్ కుదించేస్తుంది, చిన్న అక్షరాలు అలికినట్టయిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపు. సందేహాలకి నువ్వు పెట్టే వాయిస్ మెసేజ్ ఒక్క నిమిషం దాటనివ్వకు. ఇక అడ్మిన్లే రాసేలా సెట్టింగు మార్చకపోతే గుడ్ మార్నింగుల కింద ప్రశ్న కొట్టుకుపోతుంది.

అన్నిటికన్నా నాకు భయం ఆడపిల్లల నంబర్ల గురించేరా. మామూలు గ్రూపులో ప్రతివాళ్ల నంబరూ ప్రతివాళ్లకీ కనబడుతుంది. తల్లిదండ్రుల నంబర్లతోనే పెట్టు, అదీ వాళ్లని అడిగి. వాట్సాప్‌లోనే ఉండే కమ్యూనిటీలో ప్రకటనల గ్రూపైతే సభ్యుల నంబర్లు అడ్మిన్లకీ, ముందే సేవ్ చేసుకున్నవాళ్లకీ తప్ప కనబడవు, అది ఇంకా నయం. మార్కుల లిస్టు మాత్రం ఎవరడిగినా అందులో పెట్టకు. తక్కువొచ్చిన పిల్ల మర్నాడు బడికి రావడానికే జంకుతుంది.

విద్యుత్ పాఠం ఎప్పుడు మొదలెడుతున్నావో రాయి. నిరోధాల శ్రేణి, సమాంతర సంధానాల మీద ఇలాంటి ప్రశ్నలు పది రాసి పంపుతాను.

నీ
మూర్తి