సాగర్ గేట్లు ఎత్తారు, చూసొచ్చాం

బిడ్డా,

బాగున్నావా? ఈ మధ్య ఆదివారాలు నీ ఫోన్ రావట్లేదు, ఆఫీసులో పని ఎక్కువైందేమోలే అని అమ్మకు నేనే సర్దిచెబుతున్నా. ఇంత పొడుగు మెసేజ్ నువ్వు చదవవని తెలుసు, అయినా రాస్తున్నా, తీరిక దొరికినప్పుడు చదువు. ఇప్పుడు నీకు తీరిక ఉందో లేదో మరి.

మొన్న ఆదివారం అందరం సాగర్ పోయొచ్చాం. టీవీలో గేట్లు ఎత్తారని చూసిన దగ్గర్నుంచి పండు, పింకీ ఒకటే గోల, వాళ్లే టెంపో మాట్లాడారు. నాయనమ్మ రానంటుందనుకుంటే అందరికంటే ముందు తయారై అరుగు మీద కూర్చుంది. హాలియా దాటాక పండు ఫోన్ చూసుకుంటూ, "అక్క కూడా వస్తే బాగుండు పెద్దబాపూ, ఎట్లాగూ ఇప్పుడు ఖాళీయే కదా" అని టక్కున నాలుక కరుచుకున్నాడు. నేను విననట్టే కిటికీలోంచి నాట్లు చూస్తూ కూర్చున్నా. ఖాళీ అంటే ఏంటని అడగలేదు. అమ్మ వెనక సీట్లో ఉంది, వినలేదు.

సరే, అది వదిలెయ్.

కొత్త బ్రిడ్జి మీద జనం చూడాలి నువ్వు! 26 గేట్లూ ఎత్తారు, తుంపర ఎగిరొచ్చి మీద పడుతుంటే నాకు కళ్లద్దాలు తుడుచుకోవడమే సరిపోయింది. పిల్లలకు నేను చెప్పబోయా, 1955లో నెహ్రూ పునాది వేశాడు, 1967లో ఇందిరమ్మ కాల్వలకు నీళ్లు వదిలింది, సిమెంటు, యంత్రాలు తక్కువున్న రోజులు కాబట్టి కూలోళ్లతో రాతి కట్టడం కట్టించారు అని. ఎవడూ వినలేదు, అందరూ సెల్ఫీల్లో ఉన్నారు. అప్పుడు నాయనమ్మ, "ఆ రాళ్లల్ల నేను మోసినయి గూడ ఉన్నయి" అంది. అంతే, ఫోన్లన్నీ ఆమె వైపు తిరిగాయి. పెండ్లికి ముందు వాళ్లమ్మతో కలిసి కట్టెల పరంజి మీద రాళ్ల తట్టలు మోసిన సంగతి నువ్వు వందసార్లు విన్నదే, వాళ్లకు కొత్త. అబద్ధమని నవ్వాడు పండు. ఆమెకు రోషం వచ్చింది. పింకీ చున్నీ లాక్కుని రెండు మడతలేసి చుట్టబట్ట చుట్టింది, దాని నెత్తిన పెట్టి, పైన నీళ్ల క్యాన్ పెట్టి నడువమంది. నాలుగడుగులేసిందో లేదో క్యాన్ ఒరిగి పిల్ల నిలువునా తడిసింది. అందరం పడీపడీ నవ్వుతుంటే ముసలామె మాత్రం నవ్వలేదు, "మెడ నిటారుగ పెట్టు, కిందికి చూడకు" అని మళ్లీ మళ్లీ నడిపించింది. చివరికి పింకీ బ్రిడ్జి అంచుదాకా చేతులు వదిలేసి నడిచింది. వీడియో మన ఫ్యామిలీ గ్రూపులో ఉంది, నువ్వు చూసినట్టు బ్లూ టిక్ మాత్రం రాలేదు.

తర్వాత ఎత్తిపోతల జలపాతం దగ్గరికి కూడా పోయాం. చంద్రవంక వాగు బాగా దుముకుతోంది, కింద మడుగులో మొసళ్లుంటాయని అమ్మ ఎవర్నీ రెయిలింగ్ దగ్గరికి పోనివ్వలేదు. గట్టు కింద పిల్లలు చేపల ఫ్రై తిన్నారు, ఆ నూనె ఎన్నిసార్లు కాచారో ఏమో. నువ్వూ బయట తిండి తగ్గించు.

ఇంకో మాట, ఊరికే చెబుతున్నా, నీ గురించి కాదు. ఈ కాలంలో ఎవరైనా ఉద్యోగం మానేస్తే ముందు రిలీవింగ్ లెటర్ చేతికి తీసుకోవాలి. పీఎఫ్ తొందరపడి తీయొద్దు, 5 ఏళ్ల సర్వీసు నిండకముందు తీస్తే పన్ను పడుతుంది. కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోతుంది, కాబట్టి సొంతంగా ఒకటి తీసుకోవాలి. చేతిలో ఆరు నెలల ఖర్చు లేకుండా ఎవరూ ఆ పని చేయకూడదు. చేశాక ఇంట్లో దాచకూడదు. పండును నేనేం అడగలేదు, వాణ్ని తిట్టకు.

నీ అకౌంట్లో కొంచెం వేశా, రాఖీకని అనుకో.

అమ్మ మామిడికాయ తొక్కు, కారప్పొడి కట్టి పెట్టింది. పాత రూమ్‌కే పంపాలా, వేరే అడ్రస్ ఏమైనా ఉందా? పార్సిల్ వాడు పిన్‌కోడ్ సరిగ్గా కావాలంటున్నాడు. రేపు సాయంత్రంలోపు చెప్పు. ఫోన్ చేసి చెబితే ఇంకా మంచిది, మెసేజ్‌లో అంకెలు నాకు సరిగ్గా కనపడవు.

మీ బాపు