పరిమాణం వేరు, తీవ్రత వేరు

సంపాదకుడు గారికి,

భూమి కంపించినప్పుడల్లా పత్రికల్లో ఒకటే మాట: ‘రిక్టర్ స్కేలుపై తీవ్రత ఇంత’. అందులో తప్పులు రెండు.

2024 డిసెంబరు 4న ఉదయం 7.27కి ములుగు జిల్లాలో వచ్చిన భూకంపాన్నే తీసుకోండి. 5.3 అన్నది దాని పరిమాణం, అంటే మాగ్నిట్యూడ్. ములుగులో ఉన్నా విజయవాడలో ఉన్నా ఆ అంకె మారదు. ఊరూరికీ మారేది తీవ్రత. లక్ష్మీబాంబులో కూరిన మందు పరిమాణమైతే, మీ కిటికీ అద్దం ఎంత అదిరిందన్నది తీవ్రత. దానికి 12 మెట్లున్నాయి. వేలాడే దీపం ఊగితే 3, స్టాండులో గిన్నెలు గలగలమంటే 4, నిద్రలో ఉన్నవాళ్లు లేచి కూర్చుంటే 5, గోడ పెచ్చులు రాలితే 6. యంత్రం అక్కర్లేదు, ఊళ్లో నలుగురిని అడిగితే తేలిపోతుంది. ‘హైదరాబాదులో తీవ్రత 5.3’ అన్న మాటకు అర్థమే లేదు.

ఇక రిక్టర్ స్కేలు 1935లో దక్షిణ కాలిఫోర్నియా కోసం తయారైంది. పెద్ద భూకంపాల దగ్గర అది చతికిలబడుతుంది. వాటికిప్పుడు భ్రంశం (నేల లోపలి శిలల్లోని పగులు) ఎంత మేర చీలింది, ఎంత జరిగింది, శిల ఎంత గట్టిది అని చూసి లెక్కకట్టే మొమెంట్ మాగ్నిట్యూడ్ వాడుతున్నారు. రిక్టర్ పేరెత్తకుండా ‘పరిమాణం 5.3’ అంటే చాలు.

ఆ అంకె ఒకటి పెరిగితే శక్తి దాదాపు 32 రెట్లవుతుంది. 1993 నాటి లాతూర్ భూకంపం 6.2. ములుగుతో తేడా 0.9 మాత్రమే, శక్తిలో మాత్రం సుమారు 22 రెట్లు. పైగా ములుగులో నాభి, అంటే భూకంపం మొదలైన చోటు, 40 కిలోమీటర్ల కిందుంటే, లాతూర్‌లో 10 కిలోమీటర్లకు అటూ ఇటూ. నాభి ఎంత పైకి ఉంటే దాని మీది నేల అంత గట్టిగా అదురుతుంది. బంకమట్టితో పేర్చిన రాతి గోడలు, వాటి మీద మందపాటి మట్టి కప్పు, అర్ధరాత్రి దాటాక అందరూ నిద్రలో ఉన్న వేళ. వేలమంది పోయారు. లోతు చెప్పని భూకంప వార్త సగం వార్తే.

అది చెప్పినా, ‘అధికేంద్రం 40 కి.మీ. లోతులో’ అని రాసేస్తారు. లోతున ఉండేది నాభి. దానికి సరిగ్గా పైన నేల మీద ఉండే చోటు అధికేంద్రం, దానికి లోతేమిటి?

ఇకపై మొదటి వాక్యంలో పరిమాణం, నాభి లోతు ఇవ్వండి. ఏ ఊళ్లో గిన్నెలు కదిలాయో, ఎక్కడ గోడలు బీటలు వారాయో మీ విలేకరులు కనుక్కుని రాస్తే తీవ్రత దానంతటదే తెలుస్తుంది.

– భూభౌతికశాస్త్ర అధ్యాపకుడు, హైదరాబాదు