మ్యూజియం ముందు సైకిల్ ఎక్కడ కట్టేయాలి?

సంపాదకులకు నమస్కారం.

నెక్లెస్ రోడ్డు నుంచి నౌబత్ పహాడ్ గుట్ట మీది బిర్లా సైన్స్ మ్యూజియం ఎంతో దూరం కాదు. పిల్లలతో పొద్దున సైకిల్ తొక్కి, ఆపైన మ్యూజియం చూసి రావడానికి ఇంతకంటే అనువైన చోటు నగరంలో అరుదు. కానీ ఎక్కడికి వెళ్లినా సైకిల్‌ను ఏ నమ్మకంతో వదిలి లోపలికి వెళ్లాలన్న బెంగ ఉంటుంది. అందుకే చాలామంది కారులోనే వస్తారు.

ముందు చక్రాన్ని గాడిలో దూర్చే స్టాండ్లతో ఈ బెంగ తీరదు. సైకిల్ ఒరిగితే వాటిలో రిమ్ము వంగుతుంది, పిల్లల 16, 20 అంగుళాల చక్రాలు సరిగా నిలవవు. పైగా తాళం చక్రానికే పడుతుంది, దొంగ ఆ చక్రం విప్పేసి మిగతా సైకిల్ పట్టుకుపోగలడు. ‘యు’ అక్షరాన్ని తిరగేసినట్టుండే ఇనుప కమ్మీని నేలలో పాతితే చాలు. ఎత్తు 75 సెంటీమీటర్లు, కమ్మీకీ కమ్మీకీ మధ్య మీటరు ఎడం ఉండాలి. ఫ్రేముకూ చక్రానికీ కలిపి తాళం వేయొచ్చు. రెండు కార్లు నిలిపే జాగాలో ఐదు కమ్మీలు, పది సైకిళ్లు పడతాయి. అవి వాచ్‌మన్ కంటికి ఆనేచోట ఉండాలి. ఓ మూలకు నెట్టేస్తే ఎవరూ వాడరు.

వెళ్లే కుటుంబాలకూ కొన్ని మాటలు. ఉదయం ఆరుకల్లా మొదలుపెట్టి ఎనిమిదిలోగా తొక్కడం ముగించండి, తర్వాత ఎండా బండ్లూ రెండూ పెరుగుతాయి. మ్యూజియం తెరిచేదాకా టిఫిన్‌కూ విశ్రాంతికీ సమయం ఉంటుంది. సచివాలయం వైపు కూడళ్లలో పిల్లలు దిగి సైకిల్ నడిపించుకుంటూ దాటాలి.

ముందురోజు రాత్రే సైకిళ్లు చూసుకోవాలి. కొత్తగా తొక్కేవారికి సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ల మునివేళ్లూ నేలకు తాకాలి. బ్రేకు లివరు నొక్కితే హ్యాండిల్‌కు తగలకూడదు, బ్రేకు రబ్బరు రిమ్మునే పట్టాలి. టైరును రాసుకుంటే టైరే కోసుకుపోతుంది. టైరు పక్కన అచ్చేసిన పీఎస్ఐ (గాలి ఒత్తిడి) అంకె దాటి గాలి కొట్టొద్దు. పంక్చరైతే ట్యూబు అతికించేముందు టైరు లోపల వేలితో మెల్లగా తడమండి. తుమ్మముల్లు అక్కడే ఉండిపోతే పది నిమిషాల్లో మళ్లీ గాలి పోతుంది. సొల్యూషన్ (అతికించే జిగురు) తడిగా ఉండగానే ప్యాచ్ వేయడం ఇంకో పొరపాటు, మెరుపు తగ్గి ఆరాకే గట్టిగా నొక్కాలి.

గుట్ట ఎక్కేటప్పుడు ఎత్తు మొదలుకాకముందే తేలిక గేరుకు మార్చాలి. తొక్కుడు బరువయ్యాక మారిస్తే గొలుసు జారుతుంది. గేర్లు లేని సైకిల్‌ను నడిపించుకు వెళ్లడంలో నామోషీ ఏమీ లేదు. దిగేటప్పుడు రెండు బ్రేకులూ కలిపి, విడతలు విడతలుగా పట్టాలి.

మ్యూజియంలో తప్పక చూడాల్సింది కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలవి. ఒకే జంతువువి కావు, చాలా జంతువుల ఎముకలు ఏర్చి కూర్చినవి. పుర్రె దొరకనేలేదు. మరి ఆ తల ఎలా చేసి ఉంటారో పిల్లలనే అడగండి, అరగంట మాట్లాడతారు. బయటికొచ్చాక సైకిల్ పళ్లచక్రాలు లెక్కపెట్టించండి. ముందు 32, వెనక 16 పళ్లుంటే పెడల్ ఒక చుట్టుకు చక్రం రెండు చుట్లు తిరుగుతుంది. 20 అంగుళాల చక్రమైతే సైకిల్ సుమారు 3.2 మీటర్లు ముందుకెళ్తుంది.

మరునాటికి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా 8.5 కిలోమీటర్లు. పిల్లలకు అలసట తెలిసేది తిరుగుదారిలోనే, అందుకే సగంలోనే వెనక్కి మళ్లండి.

జీహెచ్ఎంసీ, మ్యూజియంల నిర్వాహకులు కలిసి, ముందుగా ఒక్కచోటైనా ఐదు కమ్మీలు పాతించాలని కోరుతున్నాం.

— సైకిల్ తొక్కే తల్లిదండ్రులు, హైదరాబాద్